గొర్రె కొవ్వు మీద వ్యాసం: ఒక యువ రచయితకు లేఖ

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవికి ఆశీస్సులు.

గన్నవరం పశువైద్య కళాశాల హాస్టలు నుంచి నువ్వు పంపిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. గొర్రె ఒంట్లో కొవ్వు ఎలా తయారవుతుంది, ఎక్కడ పేరుకుంటుంది, ఎప్పుడు కరుగుతుంది అన్న విషయాలను జన్యువులు ఎలా అదుపు చేస్తాయో తెలుగు పాఠకుడికి చెప్పాలన్న నీ సంకల్పం నాకెంతో నచ్చింది. గొర్రెల మీద మన భాషలో వచ్చే రచనలు చాలావరకు మేత, నట్టల మందు, టీకాల దగ్గరే ఆగిపోతున్నాయి. మంద తోలుకునే రైతు అంతకు మించి కూడా తెలుసుకోగలడని నమ్మి రాసేవాళ్లు తక్కువ. నువ్వు నమ్మి రాశావు. అందుకే మార్చవలసినవాటిని దాపరికం లేకుండా చెబుతున్నాను.

ముందు ఆ శీర్షిక తీసెయ్యి. ‘గొర్రెలో కొవ్వు జన్యువు’ అని చదివినవాడు, ఎక్కడో ఒకే ఒక్క జన్యువు కొవ్వును పెంచుతోందనీ, దాన్ని తొలగిస్తే కొవ్వు పోతుందనీ అనుకుంటాడు. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఎలుకల్లో ఆకలిని అదుపు చేసే లెప్టిన్ అనే హార్మోను జన్యువును గుర్తించి, అది చెడిపోయిన ఎలుక విపరీతంగా లావెక్కడానికి కారణమేమిటో తేల్చిన మాట నిజమే. కానీ ఒకే మందలోని రెండు పొట్టేళ్ల కొవ్వులో మనం చూసే తేడా అలాంటిది కాదు. దానిలో ఎన్నో జన్యువులకు తలా కొంచెం పాలుంటుంది; మేత, వయసు, ఆడా మగా, విత్తులు కొట్టించారా లేదా అన్నవి కూడా గట్టిగానే పనిచేస్తాయి. ఈ మాట వ్యాసంలో మొదటి పేజీలోనే రావాలి.

వ్యాసాన్ని డి.ఎన్.ఎ. మెలికతో మొదలుపెట్టావు. గొర్రె పెద్దపొట్టతో, అంటే మేత పులిసే కడుపు గదితో, మొదలుపెట్టు. గడ్డిలోని పీచును గొర్రె తనంతట తాను అరిగించుకోలేదు. పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలుగా మారుస్తాయి. వాటిలో ప్రొపియోనిక్ ఆమ్లం నుంచి కాలేయం గ్లూకోజు తయారు చేసుకుంటుంది. ఎసిటిక్ ఆమ్లం నుంచి వచ్చే ఎసిటేటే కొవ్వుకు ముఖ్యమైన ముడిసరుకు. నీ రెండో పేజీలో ‘గ్లూకోజు నుంచి కాలేయంలో కొవ్వు తయారవుతుంది’ అన్న వాక్యం ఉంది. అది మనిషి గురించి రాసిన పాఠ్యపుస్తకంలోంచి వచ్చినట్టుంది. గొర్రెలో కొత్త కొవ్వు ఆమ్లాలు ప్రధానంగా తయారయ్యేది కొవ్వు కణజాలంలోనే, అదీ గ్లూకోజు కన్నా ఎసిటేటు నుంచే ఎక్కువ. మనిషి గురించీ ఎలుక గురించీ తేలిన సంగతులను గొర్రెకు అంటగట్టడం ఈ రంగంలో రాసేవాళ్లు చేసే పొరపాట్లన్నిటిలోకీ పెద్దది. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇది ఏ జంతువులో తేలిన సంగతి అని నిన్ను నువ్వు ప్రశ్నించుకో.

ఇక్కడ పాఠకుడికి కంటితో చూడగలిగేది ఒకటి చూపించు. వేటమాంసం కూర చల్లారిన తరువాత పైన తెల్లగా, మైనంలా పేరుకునే పొర ప్రతి ఇంట్లోనూ తెలిసినదే. అది అంత గట్టిగా ఎందుకుంటుందో అక్కడి నుంచి చెప్పు. పచ్చగడ్డిలో ఎక్కువగా ఉండే లినోలెనిక్ అనే కొవ్వు ఆమ్లానికి 18 కార్బన్లు, వాటి మధ్య మూడు జంట బంధాలు ఉంటాయి. అది మామూలు వేడిలో ద్రవంగానే ఉంటుంది. పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు దానికి హైడ్రోజన్ చేర్చి ఆ జంట బంధాలను ఒక్కొక్కటిగా తీసేస్తాయి. అన్నీ పోయాక మిగిలేది స్టియరిక్ ఆమ్లం, అదే 18 కార్బన్లతో. దాన్ని కరిగించాలంటే దాదాపు 69 డిగ్రీల వేడి కావాలి. అయితే కథ అక్కడితో అయిపోదు. గొర్రె కణాల్లో ఎస్.సి.డి. అనే జన్యువు తయారు చేయించే ఎంజైమ్ ఒకటి ఉంది. అది స్టియరిక్ ఆమ్లంలో ఒక్క జంట బంధాన్ని తిరిగి పెట్టి ఓలియిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఓలియిక్ ఆమ్లం 13, 14 డిగ్రీలకే కరిగిపోతుంది. అంటే కొవ్వు గట్టిగా ఉంటుందా మెత్తగా ఉంటుందా అన్నదానిలో సూక్ష్మజీవుల పని ఒకవైపు, ఈ జన్యువు ఎంత చురుగ్గా పనిచేస్తోందన్నది మరోవైపు ఉన్నాయి. నువ్వు ఎస్.సి.డి. పేరును ఒక పట్టికలో పెట్టి వదిలేశావు. నా దృష్టిలో నీ వ్యాసానికి ఆయువుపట్టు అదే. దానికి కనీసం ఒక పేజీ ఇవ్వు.

‘జన్యు నియంత్రణ’ అన్నదాన్ని ఒక్క ఉపమానంతో చెప్పవచ్చు. ప్రకాశం బ్యారేజీ వెనక నిలిచే నీరు ఒకటే. ఏ కాలువకు, ఎప్పుడు, ఎంత వదులుతారన్నదాన్ని బట్టి డెల్టాలో పంట ఉంటుంది. గొర్రె ఒంట్లోని కణాలన్నిటికీ జన్యు సమాచారం దాదాపు ఒకటే. కొవ్వు కణంలో మాత్రం పీపార్ గామా, సి.ఇ.బి.పి. ఆల్ఫా అనే ప్రొటీన్లు ఇతర జన్యువులను పనిలోకి దింపి, లేత కణాన్ని పూర్తి స్థాయి కొవ్వు కణంగా మారుస్తాయి. ఎస్.ఆర్.ఇ.బి.పి.-1 అనేది కొవ్వు ఆమ్లాలను కట్టే ఎంజైమ్‌ల జన్యువులను ప్రేరేపిస్తుంది. మేత కరువైనప్పుడు ఎ.టి.జి.ఎల్., హెచ్.ఎస్.ఎల్. అనే ఎంజైమ్‌లు నిలవ కొవ్వును విడగొడతాయి. కడుపు నిండినప్పుడు ఇన్సులిన్ ఆ పనిని ఆపుతుంది. ఇంతే చాలు. మిగిలిన పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా వరసగా రాయకు. పని చెప్పకుండా పేరొక్కటే ఇస్తే అది పాఠకుడికి బరువే.

తరువాత రెండు మూడు ఉదాహరణలు తీసుకో, వాటిని చివరిదాకా చెప్పు. నీ వ్యాసంలో లేనిది ఒకటి సూచిస్తాను. కోసిన గొర్రెలో కొవ్వు పసుపుపచ్చగా కనిపిస్తే కామెర్లేమోనని అనుమానం వస్తుంది. కామెర్లయితే కంటి తెల్లగుడ్డు, లోపలి పొరలు కూడా పచ్చబడతాయి. నార్వేలోని ఒక తెల్ల గొర్రె జాతిలో అవేవీ లేకుండా కొవ్వు మాత్రమే పచ్చగా ఉండేది. కారణం 2010లో ప్రచురితమైంది. పచ్చగడ్డితో పాటు వచ్చే కెరోటినాయిడ్ రంగులను విడగొట్టే బి.సి.ఓ.2 అనే జన్యువులో, డి.ఎన్.ఎ. రాతలోని ఒకే ఒక్క అక్షరం మారి, ప్రొటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోతోంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ జన్యువు మారిన నకలే వచ్చిన గొర్రెలో ఆ రంగు విడిపోక కొవ్వులో నిలిచిపోతుంది. ఇది కొవ్వు పరిమాణానికి సంబంధించినది కాదన్న మాట మాత్రం స్పష్టంగా రాయి.

బాగా కండపట్టే టెక్సెల్ జాతి గొర్రెల గురించి నువ్వు రాసినది బాగుంది, ఒక్కచోట తప్ప. కండ పెరుగుదలను అదుపులో ఉంచే మయోస్టాటిన్ అనే ప్రొటీన్ జన్యువు ‘చెడిపోయింది’ అన్నావు. ప్రొటీన్‌ను నిర్దేశించే భాగంలో ఏ మార్పూ లేదు. దాని తరువాతి భాగంలో ఒక జి అక్షరం ఎ గా మారడంతో, కండరంలో పుష్కలంగా ఉండే రెండు సూక్ష్మ ఆర్.ఎన్.ఎ.లు అక్కడ అతుక్కుని ప్రొటీన్ తయారీని తగ్గిస్తున్నాయి. బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయ బృందం 2006లో తేల్చిన సంగతి ఇది. కండ పెరిగి కొవ్వు తగ్గడానికి కారణం పాడైన ప్రొటీన్ కాదు, తగ్గిన ప్రొటీన్. నియంత్రణ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా చక్కని ఉదాహరణ నాకు తెలియదు.

కాలిపీజ్ గొర్రెల సంగతి మరీ విచిత్రమైనది, తొందరపడి రెండు వాక్యాల్లో ముగించకు. 1983లో అమెరికాలోని ఓక్లహోమాలో పుట్టిన ఒక పొట్టేలుతో బయటపడిన లక్షణం ఇది. వెనక తొడలు బాగా కండపట్టి, కొవ్వు తగ్గుతుంది. అదీ పుట్టినప్పుడు కాదు, కొన్ని వారాల తరువాత. 18వ క్రోమోజోమ్ మీద, రెండు జన్యువుల నడుమ ఉన్న ఒక అక్షరం మారడమే కారణమని 2002లో తేలింది. తండ్రి నుంచి మారిన నకలు, తల్లి నుంచి మామూలు నకలు వచ్చిన పిల్లలోనే ఆ లక్షణం కనిపిస్తుంది. ఇద్దరి నుంచీ మారినదే వస్తే పిల్ల మామూలుగానే ఉంటుంది. పక్కనే ఉన్న డి.ఎల్.కె.1 అనే జన్యువు కండరంలో అతిగా పనిచేయడం దీనిలో భాగం. లేత కణాలు కొవ్వు కణాలుగా మారకుండా ఆపే ప్రొటీన్ ఆ జన్యువుదే. ఆ మాంసం గట్టిగా ఉంటుందన్నది కూడా రాయి. లాభం ఒక్కటే చెప్పి నష్టం దాచడం రైతుకు మనం చేసే అన్యాయం.

కొవ్వు తోక గొర్రెల దగ్గర నీ భాష మరీ నిశ్చయంగా ఉంది. పశ్చిమాసియా, మధ్య ఆసియాల్లోని ఈ జాతులను సన్న తోక జాతులతో పోల్చినప్పుడు బి.ఎం.పి.2, పి.డి.జి.ఎఫ్.డి. అనే జన్యువులున్న చోట్లు పదేపదే తేడాగా కనిపించాయి. ఒకచోట తేడా కనిపించడం వేరు, ఆ తేడా వల్లే తోకలో కొవ్వు పేరుకుంటోందని ప్రయోగంతో నిలబెట్టడం వేరు. టెక్సెల్ విషయానికి వాడిన మాటనే ఇక్కడా వాడకు. ‘కారణం’ అన్నచోట ‘సంబంధం కనిపించింది’ అని దిద్దు.

చివరి భాగంలో మన నెల్లూరు గొర్రె, మాచర్ల గొర్రె గురించి రాశావు; దానికి నిన్ను మెచ్చుకుంటున్నాను. అయితే టెక్సెల్‌లో ఉన్న మార్పు మన పొడుగుకాళ్ల, సన్న తోక నెల్లూరు గొర్రెలోనూ ఉన్నట్టు ధ్వనించే వాక్యం తీసెయ్యి. ఒక జాతిలో దొరికిన అక్షరం మరో జాతిలో ఉందో లేదో పరీక్షించి చూస్తే తప్ప చెప్పలేము. దాని బదులు, వరికోతలయ్యాక పల్నాడు నుంచి డెల్టా పొలాల్లోకి దిగి మంద కట్టే కాపరి ఏం అడుగుతాడో ఊహించు. ‘కొవ్వు తక్కువ, కండ ఎక్కువ ఉన్న పిల్లలు కావాలంటే ఏం చేయాలి?’ అంటాడు. వయసు పెరిగేకొద్దీ కొవ్వు వాటా పెరుగుతుందనీ, విత్తులు కొట్టిన పొట్టేలు త్వరగా కొవ్వు పడుతుందనీ, తరతరాలుగా మంచి పొట్టేలును ఎంచుకోవడం కూడా జన్యువులను ఎంచుకోవడమేననీ అతడికి చెప్పవచ్చు.

పట్టిక తీసేసి, దాని స్థానంలో ఒకే బొమ్మ పెట్టు: గడ్డిలోని లినోలెనిక్ ఆమ్లం, పెద్దపొట్టలో స్టియరిక్‌గా మారడం, కొవ్వు కణంలో ఓలియిక్ కావడం; మూడింటి కింద కరిగే వేడి. అంకెలను మీ జీవరసాయన శాస్త్ర అధ్యాపకులకు చూపించి సరిచూసుకున్నాక నాకు పంపు. ఉగాది సంచికకు ఇంకా వ్యవధి ఉంది, సంపాదకులతో నేను మాట్లాడతాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి