తలసీమియా: నలుగురిలో ఒకరికి అంటే, మిగతా ముగ్గురికీ రాదనా?

చెల్లెమ్మా, మీది మేనరికం, ఇద్దరూ క్యారియర్లు (జబ్బు లేకపోయినా దెబ్బతిన్న జన్యువు ఒకటి మోసేవాళ్ళు), పెద్దబాబుకు తలసీమియా మేజర్, అంటే తరచూ రక్తం ఎక్కించాల్సొచ్చే తీవ్రమైన రక్తజబ్బు. "నలుగురిలో ఒకరికే కదా, ఇక మీద పుట్టేవాళ్ళకి రాదు" అని పెద్దవాళ్ళు ధైర్యం చెబుతున్నారని రాశారు. ఆ లెక్క తప్పమ్మా. బొమ్మాబొరుసు వేసినట్టే, ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. 11వ క్రోమోజోము మీదుండే బీటా గ్లోబిన్ జన్యువు మీ ఇద్దరిలోనూ ఒకటి మంచిది, ఒకటి దెబ్బతిన్నది. బిడ్డకు చెరొకటి ఇస్తారు. రెండూ దెబ్బతిన్నవే చేరే అవకాశం ప్రతిసారీ 25 శాతం. మీలాగే క్యారియర్ అయ్యేది 50, అసలేమీ అంటనిది 25.

అత్తగారు మిమ్మల్నొక్కరినే అంటున్నారని చదివి చాలా బాధేసింది. మీవారి నుంచి కూడా ఒకటి రానిదే బాబుకు ఈ జబ్బు రాదు. మేనరికం కాబట్టి ఒకే తాత నుంచో అవ్వ నుంచో మీ ఇద్దరికీ వచ్చి ఉండొచ్చు. ఈ మాట ఆవిడకు మీవారే చెప్పాలి.

గర్భం రాకముందే హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో మెడికల్ జెనెటిక్స్ (జన్యు జబ్బుల విభాగం) వాళ్ళని కలవండి. మీ ముగ్గురి రక్తంలో జన్యుమార్పు ఏదో ముందే తేలితే, 11–13 వారాలప్పుడు మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ సంగతి చెప్పగలరు. నెల తప్పాక మొదలుపెడితే టైం చాలక పరుగులే. బాబు ఫైలు మర్చిపోకండి.