టీమ్ బిగ్ 12లోకి వెళ్తుందట, ఆ కాలేజీలో బాబును చేర్చవచ్చా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో ఉంటాం. బాబు 11వ గ్రేడ్, స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో కికర్ (బంతిని తన్నే ఆటగాడు). 'అమెరికన్' కాన్ఫరెన్స్‌లో (కాన్ఫరెన్స్ అంటే కాలేజీల లీగ్) ఆడే ఒక కాలేజీ కోచ్‌లు వాడితో మాట్లాడుతున్నారు. ఆ టీమ్ రెండేళ్లుగా బాగా గెలుస్తోంది, అంతకంటే పెద్ద కాన్ఫరెన్స్ బిగ్ 12 వాళ్లు తీసుకుంటారని ప్రచారం జరుగుతోంది. దానికి నిజంగా అంత అర్హత ఉందా? ఆ ధీమాతో చేర్చవచ్చా? మాది హెచ్‌1బీ, బాబుది హెచ్‌4.

జవాబు: మన రంజీ ట్రోఫీ లెక్కతో దీన్ని చూడకండి. 2022-23లో అడుగున మిగిలిన హైదరాబాద్ ప్లేట్ గ్రూపుకి జారింది. మరుసటి ఏడాది ప్లేట్ టైటిల్ గెలిచి మళ్లీ ఎలైట్‌లోకి ఎక్కింది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో అలాంటి నిచ్చెన లేదు. ఎంత గెలిచినా పైవాళ్లు పిలిస్తేనే వెళ్లాలి. పిలవాలా వద్దా అన్నది ఆ కాన్ఫరెన్స్‌లోని యూనివర్సిటీల అధ్యక్షులు తేలుస్తారు. కొత్త టీమ్ వస్తే టీవీ డబ్బులో తమ వాటా పెరుగుతుందా, తరుగుతుందా అన్నదే వాళ్లు ముందు చూసేది.

ఐడహో రాష్ట్రంలోని బాయిసీ స్టేట్‌ను చూడండి. 2007 జనవరిలో ఫియెస్టా బౌల్‌లో ఓక్లహోమాను ఓడించింది. 2024 సీజన్‌లో 12 టీమ్‌ల ప్లేఆఫ్‌కి మూడో సీడ్‌గా వెళ్లింది. అయినా పెద్ద కాన్ఫరెన్స్‌లైన ఎస్‌ఈసీ, బిగ్ టెన్, బిగ్ 12, ఏసీసీ నాలుగింటిలో ఏదీ దాన్ని చేర్చుకోలేదు. ఐడహోలో టీవీ చూసే జనం తక్కువ. రట్గర్స్ 2014లో బిగ్ టెన్‌లో చేరింది. అది మైదానంలో సాధించిన ఘనకార్యాల ఫలం కాదు, న్యూజెర్సీ, న్యూయార్క్ కేబుల్ కనెక్షన్ల మహిమ.

మీ ఊరి పక్కనే డాలస్‌లో ఉన్న ఎస్‌ఎంయూ (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ) కథ ఇంకా పనికొస్తుంది. 1987లో కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఆ టీమ్‌కు ఏకంగా సీజన్ రద్దు శిక్ష వేసింది. 1988లో కాలేజీయే ఆడలేదు. 1996లో సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ మూతపడ్డాక పెద్దవాళ్ల పంక్తిలో, అంటే ఏసీసీలో, చోటు దొరకడానికి 2024 దాకా పట్టింది. ఆ చోటు కోసం తొమ్మిదేళ్లపాటు ఏసీసీ టీవీ డబ్బు వద్దని ఒప్పుకుంది. దాతల అండ ఉంది కాబట్టి ఆ బేరం కుదిరింది, కుదిరాక వారం రోజుల్లోనే వాళ్లు 10 కోట్ల డాలర్లు ఇచ్చారు. మొదటి ఏడాదే ఏసీసీలో 8-0తో నిలిచింది, ఫైనల్లో క్లెమ్సన్ చేతిలో 34-31తో ఓడినా ప్లేఆఫ్‌కి వెళ్లింది. అంటే ఆటలో అర్హత ముందునుంచే ఉంది, పిలుపు తెచ్చింది మాత్రం డాలస్ మార్కెట్, దాతల జేబులు.

మీరు చెప్పే కాలేజీకి ఆ రెండూ ఉన్నాయా చూడండి. రెండేళ్ల గెలుపుల బదులు కనీసం ఐదేళ్ల రికార్డు తీయండి, అందులో పెద్ద కాన్ఫరెన్స్ టీమ్‌లతో ఆడినవి విడిగా లెక్కపెట్టండి. మధ్యలో కోచ్ మారినా గెలుపులు నిలిచాయా? తర్వాత డబ్బు. అమెరికా విద్యాశాఖ వెబ్‌సైట్‌లో ప్రతి కాలేజీ క్రీడల ఆదాయ వ్యయాలు దొరుకుతాయి. చాలా కాలేజీలకు అక్కడ రెండు అంకెలూ సమానంగా కనిపిస్తాయి. చూసి మురిసిపోవద్దు. లోటును యూనివర్సిటీ నిధులతో, విద్యార్థుల ఫీజుతో పూడ్చి ఆదాయం కింద రాస్తారు. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే ఎన్‌సీఏఏకి ఇచ్చే వార్షిక ఆర్థిక నివేదిక అడిగి తీసుకోవచ్చు. అందులో స్టూడెంట్ ఫీజు, యూనివర్సిటీ సాయం వేర్వేరు వరుసల్లో ఉంటాయి. ఆ రెండూ కలిసి ఆదాయంలో సగం దాటితే, పిలుపు వచ్చినా తట్టుకోవడం కష్టం. కొత్తగా చేరినవాళ్లకు మొదటి కొన్నేళ్లు పూర్తి వాటా రాకపోవచ్చు. ఒరెగాన్, వాషింగ్టన్ అంతటివే సుమారు సగం వాటాకు బిగ్ టెన్‌లోకి వెళ్లాయి.

ఎక్కిన చోటు నిలుస్తుందన్న హామీ కూడా లేదు. 2024లో, అప్పటిదాకా పెద్ద కాన్ఫరెన్స్‌గా ఉన్న పాక్-12 నుంచి పది కాలేజీలు వెళ్లిపోయాయి. ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే మిగిలాయి.

ఇక అసలు సంగతి. టీమ్ పైకి వెళ్తే బాబు కూడా పైకి వెళ్తాడని అనుకుంటున్నారు. చాలాసార్లు జరిగేది దీనికి తలకిందులు. పెద్ద కాన్ఫరెన్స్‌లో అడుగుపెట్టిన కోచ్‌కి మొదటి సీజన్‌లోనే ఫలితం చూపించాలి. పద్దెనిమిదేళ్ల పిల్లాడు నేర్చుకునేదాకా ఆగడు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోంచి (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) రెండు మూడేళ్ల అనుభవం ఉన్న కికర్‌ను తెచ్చుకుంటాడు. కికర్‌కి మైదానంలో ఉండే చోటు ఒక్కటే, కాబట్టి దెబ్బ నేరుగా తగులుతుంది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన 'హౌస్' ఒప్పందంతో, అందులో చేరిన కాలేజీల టీమ్‌లో 105 మందికి మించకూడదు. అంతకుముందు వాకాన్‌లుగా (స్కాలర్‌షిప్ లేకుండా) అదనంగా ఉండే పిల్లలకే ముందు ఎసరు వచ్చింది, కికర్లలో వాకాన్‌లు ఎక్కువ. అందుకే కోచ్‌ను ఇవి అడగండి: ఇప్పుడు ఎంతమంది కికర్లున్నారు, ఎవరు ఏ సంవత్సరం, బాబుకి ఇచ్చేది స్కాలర్‌షిప్పా లేక 'ప్రిఫర్డ్ వాకాన్' చోటా, స్కాలర్‌షిప్ అయితే ఏడాదికా నాలుగేళ్లకా, కాగితం మీద ఇస్తారా. 'ప్రిఫర్డ్' అన్న మాట వినసొంపుగా ఉంటుంది గానీ అందులో రూపాయి ఉండదు.

ఆట విషయం ఒకటి. స్కూల్లో రెండంగుళాల బ్లాక్ మీద ఫీల్డ్ గోల్ కొట్టే అలవాటుంటే ఈ వేసవిలోనే మానిపించండి. కాలేజీలో నేల మీదనుంచే తన్నాలి, కాలు బంతికి కాస్త పైన తగిలినా అది లేవదు, అడ్డుకునేవాళ్ల చేతుల్లో పడుతుంది. స్నాప్ (బంతిని వెనక్కి అందించడం) నుంచి కిక్ దాకా 1.3 సెకన్లలో అయిపోవాలి. కోచ్‌కి పంపే వీడియో గోల్ పోస్టుల వెనకనుంచి తీయండి, పక్కనుంచి తీస్తే బంతి ఎటు వంగిందో తెలియదు.

వీసా గురించి కోచ్‌లు తమంతట తాము చెప్పరు. 'హౌస్' ఒప్పందంతో 2025-26కి ఒక్కో కాలేజీ అన్ని ఆటలకూ కలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఆటగాళ్లకు నేరుగా పంచవచ్చు. హెచ్‌4 పిల్లలకు పని చేసే అనుమతి లేదు, 21 నిండితే ఆ హోదా పోతుంది, ఈలోపే ఎఫ్‌1కి (విద్యార్థి వీసా) మారాలి, అక్కడా ఆంక్షలే. చదువు ఖర్చు భరించే స్కాలర్‌షిప్ వేరు, ఈ డబ్బు వేరు. ఇమ్మిగ్రేషన్ లాయర్ లిఖితపూర్వకంగా సరే అనేదాకా బ్రాండ్ ఒప్పందం, ప్రకటన ఫొటో, ఏదీ సంతకం చేయించవద్దు. పెద్ద కాన్ఫరెన్స్ వల్ల మిగతా పిల్లలకు వచ్చే లాభంలో ప్రధానమైనదే మీ బాబుకి అందదు. కాలేజీల మధ్య తూకం వేసేటప్పుడు దాన్ని సున్నాగా వేసుకోండి.

11వ గ్రేడ్ కాబట్టి అన్నిటికంటే ముందు మార్కులు సరిచూడండి. డివిజన్ 1లో (పై స్థాయిలో) ఆడాలంటే 16 కోర్ సబ్జెక్టులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి. అందులో పది సబ్జెక్టులు 12వ గ్రేడ్ మొదలయ్యేలోపే పూర్తవాలి, ఆ పదిలో ఏడు ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్‌లోవి. ఆ ఏడింటి గ్రేడ్లు అక్కడితో ఖరారు, తర్వాత మళ్లీ చదివి పెంచుకుందామంటే లెక్కలోకి రాదు. ఎన్‌సీఏఏ 2023లోనే శాట్ నిబంధన తీసేసింది, కాలేజీ అడ్మిషన్‌కి అడుగుతారేమో విడిగా చూసుకోండి. బాబు తొమ్మిదో తరగతి ఇండియాలో చదివి ఉంటే ఆ మార్కుల రికార్డు స్కూలు ముద్రతో ఇప్పుడే తెప్పించండి. కాలేజీ టీమ్‌తో ఒప్పంద సంతకాలు 12వ గ్రేడ్‌లో డిసెంబరు మొదట్లో జరుగుతాయి. అక్కడి స్కూలుతో ఉత్తర ప్రత్యుత్తరాలకు నెలలు పడుతుంది.