గ్యాస్ అబ్బాయికి కోడ్ చెప్పడానికీ భయమే

ప్రశ్న: మాది పార్వతీపురం. పెళ్ళయ్యాక ఒడిశాలోని రాయగడ వచ్చి ఆరేళ్ళయింది. మా ఆయనది షిఫ్టుల ఉద్యోగం, పాపకు ఐదేళ్ళు. పది నెలల క్రితం ఒక సాయంత్రం ఫోనొచ్చింది. కరెంటు బిల్లు అప్‌డేట్ కాలేదు, రాత్రి తొమ్మిదిన్నరకు లైను తీసేస్తాం అన్నాడు. చక్కటి తెలుగులో "అక్కా, అక్కా" అంటూ మాట్లాడాడు. వేయమన్న యాప్ వేశాను, పది రూపాయలు కట్టమంటే కట్టాను. ఖాతాలోంచి 46 వేలు పోయాయి. చీటీ పాడిన డబ్బు అది. అప్పట్నుంచి ఎవరినీ నమ్మలేకపోతున్నాను. గ్యాస్ అబ్బాయి కోడ్ అడిగితే చెప్పలేదు, బండ వెనక్కి పట్టుకెళ్ళిపోయాడు. కుళాయి కారుతున్నా ప్లంబర్‌ని రానివ్వను. ఆటోలో ఒక్కదాన్నే ఎక్కను. పాపను స్కూల్ వ్యానులో పంపను. మా ఆయన "అప్పుడేమో ముక్కూ మొహం తెలియనివాడిని నమ్మావు, ఇప్పుడేమో ఇంటికొచ్చినవాళ్ళంతా దొంగలంటావు" అని కసురుతారు. నాకు పిచ్చి పడుతోందా?
— ఒక సోదరి, రాయగడ

జవాబు: అమ్మా, మీకు పిచ్చి పట్టలేదు. చెయ్యి కాలినవాళ్ళు కొన్నాళ్ళు పొయ్యి దగ్గరకు పోరు. కానీ పది నెలలుగా పొయ్యే వెలిగించకపోతే ఇంటిల్లిపాదికీ పస్తే కదా. మీ ఇంట్లో జరుగుతున్నది అదే.

మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. "చక్కటి తెలుగులో మాట్లాడాడు" అన్నారు. ఆరేళ్ళున్నా మీకు ఒడియా ఇంకా నోటికి రాలేదని నా ఊహ. రాయగడ బజారులో తెలుగు వినబడుతుంది, మజ్జిగౌరమ్మ గుడి దగ్గరా వినబడుతుంది, కాబట్టి నేర్చుకోక తప్పని అవసరం రాలేదు. భర్త షిఫ్టుకి వెళ్ళి, చిన్నపిల్లతో ఇంట్లో ఒక్కరే ఉన్న సాయంత్రం, మన యాసలో "అక్కా" అన్న గొంతు వినగానే ఎవరికైనా మనసు మెత్తబడుతుంది. వాడు దొరకబుచ్చుకున్నది మీ ఒంటరితనాన్ని. ముందు భయపెట్టాడు, గడువు పెట్టాడు, వరస కలిపాడు. ఈ మూడూ కలిస్తే పెద్ద పెద్ద ఆఫీసర్లే పడిపోతున్నారు. మీరు పడ్డారంటే అది తెలివితక్కువతనం కాదు, దయచేసి ఆ మాట మీ నోటితో మీరు అనుకోకండి.

ఇప్పుడు గుమ్మం ముందుకొచ్చే గ్యాస్ అబ్బాయిని చూడండి. ఒడియాలో మాట్లాడతాడు, తొందరలో ఉంటాడు, వరస కలపడు. అతను మీకు మోసగాడిలా కనిపిస్తున్నాడు. నిజంగా మోసం చేసినవాడేమో తమ్ముడిలా వినిపించాడు. మాట తీరును బట్టి మనిషిని కొలిచే అలవాటు మనందరిదీ. ఆ కొలత మిమ్మల్ని ఒకసారి ముంచింది. మీరిప్పుడు మళ్ళీ దాంతోనే కొలుస్తున్నారు. నా సలహా అంతా ఈ కొలత మార్చుకోవడం గురించే. ఎలా మాట్లాడుతున్నాడన్నది పక్కన పెట్టి, ఏం అడుగుతున్నాడు, ఎందుకు అడుగుతున్నాడు, దాన్ని నేను సరిచూసుకోగలనా అని చూడండి.

గ్యాస్ కోడ్ సంగతే తీసుకుందాం. "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు" అని బ్యాంకులు చెప్పీ చెప్పీ మన బుర్రలో పెట్టాయి, మంచిదే. అయితే గ్యాస్ బండకు వచ్చే కోడ్ వేరు. మీరు బుక్ చేసిన సిలిండరు మీ ఇంటికే చేరిందని, దాన్ని దారిలో ఇంకొకరికి అమ్ముకోలేదని రుజువు కోసం పెట్టినది అది. దాంతో మీ ఖాతాలో ఒక్క రూపాయి కూడా కదలదు. మీరు బుక్ చేశారా, మెసేజ్‌లో సిలిండరు డెలివరీ అని ఉందా, బండ మీ గుమ్మంలో దిగిందా, ఈ మూడూ చూసుకుని అప్పుడు చెప్పండి. బండ రాకముందే ఫోన్లో ఎవరైనా అడిగితే మాత్రం చెప్పకండి. అలాగే తూకం వేయమని అడగండి. ఇంటి సిలిండరులో గ్యాస్ 14.2 కిలోలు ఉండాలి, ఖాళీ బండ బరువు దాని మీదే రాసి ఉంటుంది, రెండూ కలిపితే కాటా మీద ఎంత చూపాలో తెలిసిపోతుంది. కాటా తేవడం డెలివరీ ఇచ్చేవాళ్ళ బాధ్యతే. అడిగితే అతన్ని అనుమానించినట్టని మొహమాటపడకండి. నిజాయితీగా పనిచేసే అబ్బాయికి తూకం వేసి చూపించడానికి అభ్యంతరం ఉండదు. నాలుగైదుసార్లు తూకం సరిపోయాక అతని మీద మీకు కుదిరే గురి గట్టిది, ఎందుకంటే అది మీరు కళ్ళారా చూసి తెచ్చుకున్నది.

నేను బరంపురం వచ్చిన కొత్తలో నాకూ ఒడియాలో "కేతే హెలా?" (ఎంతయింది?) తప్ప రాదు. కూరలమ్మే ఆవిడ ఏదో గట్టిగా అంటుంటే నన్ను తిడుతోందనుకుని గబగబా వచ్చేసేదాన్ని. నెల తర్వాత పక్కింటావిడ తోడొచ్చినప్పుడు తెలిసింది, ఆవిడ రోజూ నన్ను చిల్లర తీసుకెళ్ళమని పిలుస్తోందట! ఆ చిల్లర అంతా ఒక డబ్బాలో వేసి ఉంచింది. భాష రాకపోతే మంచి కూడా కోపంలా వినిపిస్తుందమ్మా. రోజుకు రెండు మాటలు నేర్చుకోండి. "టికే రుహంతు" అంటే "కాస్త ఆగండి" అని. మీకు ముందుగా కావలసింది ఆ మాటే. ఎవరు తొందరపెట్టినా ఆ మాట అని తలుపు దగ్గర నిలబెట్టి, మీకు కావలసినంతసేపు ఆలోచించుకోవచ్చు.

వ్యాను విషయంలో మీ భయం పూర్తిగా అనవసరమని నేను అనను. డ్రైవర్‌ని చూడండి, అతని నంబరు స్కూలు వాళ్ళ దగ్గర సరిచూసుకోండి, మీ పాప కంటే ముందు ఎవరు ఎక్కుతారో, ఆఖరున ఎవరు దిగుతారో కనుక్కుని ఆ తల్లుల్లో ఒకరితో మాట్లాడండి. ఆ తర్వాత కూడా మనసు ఒప్పకపోతే ఈ ఏడాదికి మీరే దింపండి, తప్పేమీ లేదు. ఆటోకూ తొందర లేదు.

మీరు ఫిర్యాదు చేశారో లేదో రాయలేదు. చేయకపోతే ఇప్పుడైనా సైబర్ పోలీసులకు రాసివ్వండి. ఆ యాప్ ఫోన్లో ఇంకా ఉంటే తీసేయించి, బ్యాంకు పిన్‌లన్నీ మార్చండి. ఇలాంటివి జరిగినప్పుడు నిమిషాల్లో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకూ చెప్పాలి. మన పొరపాటు వల్ల పోయినా, బ్యాంకుకు చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదేనని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. 1930 నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి. మళ్ళీ ఏదైనా జరిగితే ఏం చేయాలో తెలిసి ఉంటే, భయం సగం దిగుతుంది.

మీ వారికి ఒక మాట. బాబూ, డబ్బు పోయినందుకు మీకూ బాధ ఉంటుంది. కానీ మీరు కసిరిన ప్రతిసారీ, తన అంచనా ఎప్పుడూ తప్పేనన్న నమ్మకం ఆవిడలో బలపడుతోంది. అలాంటి మనిషి తలుపెలా తీస్తుంది? మీకు సెలవున్న రోజు ప్లంబర్‌ని పిలవండి. మీరు హాల్లో కూర్చోండి, మాట్లాడేది ఆవిడే కావాలి. ముందే కూలి మాట్లాడుకోవాలి, పని చూసుకున్నాకే డబ్బివ్వాలి. మొదటిసారికి కుళాయి వాషరు చాలు.

అమ్మా, ఫోను మోగితే గుండె దడ, రాత్రిళ్ళు నిద్ర లేకపోవడం ఉంటే 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ అది, డబ్బు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అన్నిటికంటే ముందు, మీ వీధిలో చాలాకాలంగా ఉంటున్న పెద్దావిడ ఎవరైనా ఉంటే, తెలుగావిడైనా ఒడియా ఆవిడైనా సరే, ఈ వారం టీకి పిలవండి. ఏ ప్లంబర్ మంచివాడో, ఏ ఆటో అబ్బాయి వీధిలోవాడో ఆవిడకు తెలుస్తుంది. ఆవిడ వచ్చినప్పుడు కారుతున్న ఆ కుళాయి కూడా చూపించండి.