టేబుల్ కింద చింపిన కాగితం

ప్రశ్న: నా వయసు 46. ఈ పది నెలల్లో నాకు ప్రమోషన్ వచ్చింది, ఊరు మారాం, మావారు ముందుగానే ఉద్యోగ విరమణ తీసుకున్నారు, మా అమ్మాయి చదువు కోసం హాస్టల్‌కి వెళ్లింది. అన్నీ మేం కోరుకున్నవే. అయినా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. గుండె దడ, చిన్న మాటకే కళ్లలో నీళ్లు. ఆన్‌లైన్‌లో ఒక థెరపిస్టుతో మాట్లాడుతున్నాను, ఐదు సెషన్లు అయ్యాయి. ఆవిడ మంచివారే. కానీ ‘ఈ వారం ఎలా గడిచింది?’ అనగానే ‘పర్లేదండీ’ అనేస్తాను. మావారు పక్క గదిలోనే ఉంటారు, అందుకని గొంతు తగ్గించి మాట్లాడతాను. మొన్న కాల్ అయ్యాక చూసుకుంటే ఒళ్లో నిండా కాగితం ముక్కలు. మాట్లాడుతున్నంతసేపూ టేబుల్ కింద చింపుతూనే ఉన్నానన్నమాట. ఆవిడ పంపే ప్రశ్నల ఫారంలో కూడా తక్కువ చేసే రాస్తున్నాను. ఏ కష్టమూ లేని నాకు ఇంత రాద్ధాంతమా అని సిగ్గుగా ఉంటుంది. మానేయమంటారా, వేరేవాళ్లని చూసుకోమంటారా? అన్నట్టు, కొత్త ఇంట్లో అమ్మాయికని ఉంచిన గదిలో అట్టపెట్టెలు ఇంకా విప్పనే లేదు.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ ఆ కాగితం ముక్కల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎదురెదురుగా కూర్చుని ఉంటే ఆవిడ మొదటి రోజే మీ చేతుల్ని చూసేవారు. తెర మీద ఆవిడకి కనబడేది మీ భుజాల నుంచి పైకి మాత్రమే. అక్కడ ముఖం నవ్వుతోంది, నోరు ‘పర్లేదండీ’ అంటోంది. నమ్మక ఏం చేస్తారు? ఐదు సెషన్లు వృథా అయ్యాయని మీకనిపిస్తోంది. నాకైతే అవి ఇంకా మొదలే కాలేదనిపిస్తోంది. ముక్కూముఖం తెలియని నాకు పదిహేను వాక్యాల్లో చెప్పగలిగింది, వారం వారం మీ మాట వినడానికే కూర్చునే మనిషికి చెప్పలేకపోయారు. తప్పు పట్టడం లేదు. ఇంట్లో, ఆఫీసులో అందరికీ ‘నాకేం, బాగానే ఉన్నాను’ అని చెబుతూ ఇన్నేళ్లు నెట్టుకొచ్చినవాళ్లకి ఆ మాట అడక్కముందే నోటికి వచ్చేస్తుంది.

ముందు ఆ సిగ్గు సంగతి చూద్దాం. 1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు మానసిక వైద్యులు జీవితంలో వచ్చే 43 మార్పులను జాబితాగా రాసి, ఒక్కోదానికి సర్దుకోవడానికి మనిషి ఎంత శ్రమ పడాలో అంకెలు వేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100. అది ఎవరైనా ఊహిస్తారు. కానీ అదే జాబితాలో పెళ్లికి 50 ఉంది. కొడుకో కూతురో ఇల్లు విడిచి వెళ్లడానికి 29, ఉద్యోగంలో బాధ్యతలు మారడానికి 29, భర్తో భార్యో పనిలో చేరడానికి గానీ మానేయడానికి గానీ 26, ఇల్లు మారడానికి 20. చెప్పుకోదగ్గ విజయం సాధించడానికి సైతం 28 ఇచ్చారు! మీ నాలుగు మార్పులూ అందులో ఉన్నాయి. మంచి జరిగినా చెడు జరిగినా సర్దుకోవాల్సిన భారం ఒంటి మీదే పడుతుందని వాళ్లకి తెలుసు. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది కాబట్టి వాటిని కూడి లెక్క తేల్చుకోకండి. ‘ఏ కష్టమూ లేని నాకు’ అన్న మాట మాత్రం ఇక వదిలేయండి.

ఇక ఫారం. కుంగుబాటు (డిప్రెషన్) ఉందేమో చూడటానికి, గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు అడిగి, ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు వేయమనే ఫారం చాలామంది వాడతారు. మొత్తం 27. పది, ఆపైన వస్తే ఇంకాస్త లోతుగా చూడాలని అర్థం. మీకు వచ్చేది అదే అయినా వేరేదైనా, తగ్గించి నింపడమంటే జ్వరం చూసుకునే ముందు చన్నీళ్లు తాగి థర్మామీటర్ నోట్లో పెట్టుకోవడమే.

వచ్చే సెషన్‌కి ముందు రోజు, నాకు రాసిన ఈ ఉత్తరాన్నే ఆవిడకి పంపండి. ఒక్క ముక్క మార్చొద్దు. కాల్ మొదలవగానే, ‘నేను పంపింది చదివారా? దాని గురించే మాట్లాడాలండీ’ అనండి చాలు. గొంతు పెగలకపోతే చాట్‌లో టైప్ చేయండి. ఆన్‌లైన్‌లో ఉన్న ఒక మేలు అదే, నోరు రానప్పుడు వేళ్లు ఉన్నాయి. ఆవిడ నొచ్చుకుంటారేమోనని మీకు భయం. పని తెలిసిన థెరపిస్టు నొచ్చుకోరు, ఊపిరి పీల్చుకుంటారు. ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మనస్తత్వవేత్త 1979లోనే చెప్పారు: థెరపీ ఫలించాలంటే ఎక్కడికి చేరాలో ఇద్దరికీ ఒకటే ఎరుక ఉండాలి, అందుకు చేసే పని ఇద్దరికీ సమ్మతం కావాలి, ఇద్దరి మధ్యా నమ్మకం కుదరాలి. ఆవిడ మంచివారని మీరే అన్నారు కాబట్టి మూడోది కాస్తయినా ఉంది. మొదటి రెండూ అడిగి తెలుసుకోండి. ‘మనం దేని కోసం పని చేస్తున్నాం? ఏది మారితే బాగుపడినట్టు?’ అని.

పక్క గదిలో మీవారున్నంతకాలం మీరు సగం గొంతుతోనే మాట్లాడతారు, సగం గొంతుతో సగం మాటలే వస్తాయి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఆవిడ మాట బయటికి రాదు గానీ మీ మాట వస్తుంది. ఆ గంట ఆయన్ని నడకకు వెళ్లమనండి. లేదా మీరే ఆగి ఉన్న కారులో కూర్చోండి. ‘నీ మీద ఫిర్యాదు చేయడానికి కాదు, నాకోసం మాట్లాడుకుంటున్నాను’ అని ఆయనకి ఒక్కసారి చెప్పండి. లోపల ఏం మాట్లాడుకున్నారో ఒప్పజెప్పనక్కర్లేదు. (ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్న ఆయనకీ ఇది మార్పే. కానీ ఆయన్ని మోయడం కూడా ఇప్పుడు మీ నెత్తిన వేసుకోకండి.) తెర మీద మీ ముఖం మీకే కనబడుతుంటే దాన్ని దాచేయండి, ఆ వీలు ఉంటుంది. తన ముఖం తను చూసుకుంటూ ఎవరూ నిండుగా ఏడవలేరు. కాల్ అయిన వెంటనే ఆఫీసు మీటింగ్ పెట్టుకోవద్దు. బయటికి వెళ్లి థెరపిస్టుని కలిసి వస్తే దారి పొడవునా మనసు కుదురుకుంటుంది, ల్యాప్‌టాప్ మూస్తే ఆ దారి ఉండదు. పావుగంట ఊరికే కూర్చోండి.

ఇదంతా చెప్పాక కూడా రెండు మూడు సెషన్లలో ఏమీ కదలకపోయినా, మీ మాటని ఆవిడ తేలిగ్గా తీసేసినా, అప్పుడు నిస్సంకోచంగా మారండి. చెప్పకుండా మాయమవకండి, ఒక్క చివరి సెషన్ తీసుకుని చెప్పి రండి. కొత్తవాళ్లని చూసుకునేటప్పుడు చదువు, లైసెన్సు అడగడం మీ హక్కు.

ఒక డాక్టర్ని కూడా కలవండి. ఈ వయసులో థైరాయిడ్, రక్తహీనత, నెలసరి ఆగబోయే ముందు వచ్చే మార్పులు కూడా నిద్ర చెడగొడతాయి, గుండె దడ తెస్తాయి. ‘బతకడం ఎందుకు’ అన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం వచ్చే సెషన్ దాకా ఆగొద్దు. ఆ క్షణమే మీవారిని పిలవండి, దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. మీరుండే చిరునామా, మీకు దగ్గరివాళ్ల ఫోన్ నంబరు మీ థెరపిస్టు దగ్గర ఉన్నాయో లేదో ఈ వారమే కనుక్కోండి. దూరం నుంచి మాట్లాడేవాళ్లకి అవి తప్పనిసరి.

ఇంకొకటి. ఆ అట్టపెట్టెల సంగతి నాకు ‘అన్నట్టు’ అంటూ చివర్లో రాశారు. ఆవిడతో దాన్నే మొదట చెప్పండి. వీలైతే ఆ రోజు ల్యాప్‌టాప్ తీసుకుని ఆ గదిలోనే కూర్చోండి.