ఆర్హీనియస్ సిద్ధాంతం థీసిస్‌లో మొదలై ఉత్తరాల్లో పూర్తయింది

ప్రశ్న: "ఆర్హీనియస్ పీహెచ్‌డీ థీసిస్‌కి అత్తెసరు గ్రేడ్ ఇచ్చారనీ, తర్వాత అదే థీసిస్‌కి నోబెల్ వచ్చిందనీ మా సార్ చెప్పారు. నిజమేనా? ఫోన్లూ ఈమెయిళ్లూ లేని రోజుల్లో బయటి దేశాల వాళ్లు ఆయన్ని ఎలా గుర్తించారు? ఇప్పుడు మనలాంటి వాళ్లు ముక్కూ మొహం తెలియని ప్రొఫెసర్‌కి రాస్తే జవాబిస్తారా?"

మీ సార్ చెప్పింది సగం నిజం. గ్రేడ్ తక్కువ వచ్చిన మాట వాస్తవమే. "అదే థీసిస్‌కి నోబెల్" అన్న దగ్గరే తేడా. నేను పదిహేనేళ్లుగా డిగ్రీ పిల్లలకి ఫిజికల్ కెమిస్ట్రీ చెప్తున్నాను. మొదటి ఏడెనిమిదేళ్లు నేనూ ఇలాగే చెప్పాను. వినడానికి సినిమా కథలా ఉంటుంది, చివరి బెంచీ వాళ్లు కూడా తలెత్తుతారు. ఉప్పు లాంటివి నీళ్లలో అయాన్లు అనే విద్యుదావేశమున్న ముక్కలుగా విడిపోతాయంటూ ఆర్హీనియస్ 1887లో రాసిన పేపరు అనువాదం ఒక వేసవి సెలవుల్లో కూర్చుని చదివాక అలా చెప్పడం మానేశాను.

ముందు 1884 సంగతి. స్వీడన్‌లో ఉప్సాలా యూనివర్సిటీ. కుర్రాడికి పాతికేళ్లు. ప్రయోగాలు చేసింది ఉప్సాలాలో కాదు, స్టాక్‌హోమ్‌లో ఎడ్లుండ్ అనే భౌతిక శాస్త్రవేత్త దగ్గర. ద్రావణాల్లో కరెంటు ఎంత బాగా పోతుంది, నీళ్లు పోసి పలుచన చేస్తే ఏమవుతుంది అన్నది విషయం. థీసిస్ ఫ్రెంచ్‌లో రాశాడు. ఉప్సాలా కెమిస్ట్రీ ప్రొఫెసర్ క్లీవ్ దగ్గరికి వెళ్లి, విద్యుత్ వాహకత మీద నాదొక కొత్త సిద్ధాంతం ఉంది అంటే, ఆయన "చాలా బాగుంది" అని, వెంటనే వెళ్లిరమ్మన్నాడట. ఈ ముచ్చట ఆర్హీనియస్సే పెద్దయ్యాక చెప్పుకున్నాడు. చివరికి వచ్చిన ఆ అత్తెసరు గ్రేడ్‌తో యూనివర్సిటీలో పాఠం చెప్పే ఉద్యోగం రాదు.

అయితే ఆ థీసిస్‌లో ఏముందో చూస్తే క్లీవ్ మీద మరీ అంత కోపం రాదు. ఈ రోజు మనం బోర్డు మీద రాసే "ఉప్పు నీళ్లలో కరగగానే సోడియం అయాన్, క్లోరైడ్ అయాన్ విడిపోతాయి" అనే మాట అందులో ఇంత స్పష్టంగా లేదు. కొన్ని అణువులు "క్రియాశీలం", కొన్ని కావు, పలుచన చేసేకొద్దీ క్రియాశీలమైనవి పెరుగుతాయి, అక్కడి వరకే ఉంది. ఆ క్రియాశీలత అంటే ఏమిటో కుర్రాడికే పూర్తిగా తేలలేదు.

ఇక్కడే అతను చేసిన తెలివైన పని ఒకటుంది. ఉప్సాలాలో గోడకి తల బాదుకోకుండా, థీసిస్ కాపీలు తనకి పరిచయం లేని పెద్ద శాస్త్రవేత్తలకి పోస్టులో పంపాడు. క్లాసియస్‌కి, లోథర్ మేయర్‌కి, ఆమ్‌స్టర్‌డామ్‌లో వాంట్ హాఫ్‌కి, రీగాలో ఆస్ట్వాల్డ్‌కి. రీగా అప్పుడు రష్యా సామ్రాజ్యంలో ఉండేది. ఆస్ట్వాల్డ్‌కి ముప్పై ఏళ్లు, అక్కడి పాలిటెక్నిక్‌లో ప్రొఫెసర్. 1884 జూన్‌లో ఒకే రోజు తనకి పంటి నొప్పి వచ్చిందనీ, కూతురు పుట్టిందనీ, ఆర్హీనియస్ థీసిస్ చేతికందిందనీ తర్వాత ఆయన చెప్పుకునేవాడు. మూడింటిలో ఎక్కువ ఇబ్బంది పెట్టింది థీసిస్సేనట!

ఎందుకంటే ఆస్ట్వాల్డ్ అప్పటికి కొన్నేళ్లుగా ఆమ్లాల బలాన్ని కొలుస్తూ కూర్చున్నాడు. ఏ ఆమ్లం మిథైల్ ఎసిటేట్‌ని ఎంత వేగంగా విడగొడుతుంది, ఏది చక్కెరని ఎంత వేగంగా విడగొడుతుంది, ఇలా. ఎవడో కుర్రాడు వచ్చి, అదంతా కరెంటు వాహకత చూస్తే తెలిసిపోతుంది అంటున్నాడు. ఆస్ట్వాల్డ్ తన దగ్గరున్న ఆమ్లాలకి వాహకత కొలిచి చూశాడు. బలం జాబితా, వాహకత జాబితా పక్కపక్కన పెడితే కలిసిపోయాయి. అదే ఏడు ఒక చిన్న నోట్ కూడా అచ్చువేయించాడు. ఆగస్టులో ఏకంగా ఉప్సాలా వెళ్లి, రీగాలో ఉద్యోగం ఇస్తాను రమ్మన్నాడు. మనవాళ్లు ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఇతనిది రివర్స్. బయటి ప్రొఫెసర్ వచ్చి పిల్లాణ్ణి అడిగేసరికి ఉప్సాలా వాళ్లు ఆ ఏడాది చివరికల్లా డోసెంట్ పోస్టు, అంటే పాఠం చెప్పే ఉద్యోగం, ఇచ్చేశారు. తండ్రి జబ్బు వల్ల ఆర్హీనియస్ అప్పుడే రీగా వెళ్లలేకపోయాడు.

ఇక్కడ నా సొంత గోల కొంచెం. మీ మూడో ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది.

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నేను ఎసిటిక్ ఆమ్లం వాహకత కొలిచాను. పుస్తకంలో 25 డిగ్రీల దగ్గర వియోజన స్థిరాంకం (ఆమ్లం ఏ మేరకు అయాన్లుగా విడిపోతుందో చెప్పే అంకె) 1.8 × 10⁻⁵ అని ఉంటుంది. ఎంత పలుచన చేసినా అది మారకూడదు, ఆస్ట్వాల్డ్ 1888లో చెప్పిన నియమం అదే. నాకు 0.1 నార్మల్ గాఢత దగ్గర లెక్క అచ్చంగా వచ్చేది. 0.001 దాటి కిందికి పోయేకొద్దీ స్థిరాంకం ఎక్కుతూ పోయి, 0.0002 దగ్గర దాదాపు రెట్టింపు. మూడు వారాలు ఇదే వరస. వాహకత కొలిచే సెల్ మార్చాను, పొటాషియం క్లోరైడ్‌తో మళ్లీ కాలిబ్రేట్ చేశాను. మా గైడ్ గారు టేబుల్ చూసి, "నీకు పలుచన చేయడం రాదమ్మా, పుస్తకం విలువలు వేసెయ్" అన్నారు. టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర లేదు. మూడో రోజు, ద్రావణాల మీద పాత పేపరొకటి రాసిన విదేశీ ప్రొఫెసర్‌కి వచ్చీరాని ఇంగ్లిష్‌లో మెయిల్ కొట్టాను. టేబుల్ అటాచ్ చేశాను.

తొమ్మిది రోజుల తర్వాత జవాబొచ్చింది. ఆయన రిటైరయ్యారట. మెచ్చుకోలు లేదు, మందలింపు లేదు. ఒక్క ప్రశ్న: మీ నీళ్ల వాహకత ఎంత?

నేను నీళ్లని కొలవనే లేదు! ల్యాబ్ మూలన తెల్ల ప్లాస్టిక్ క్యాన్‌లో ఉన్నదే "డిస్టిల్డ్ వాటర్" అనుకున్నాను. సెల్ ముంచి చూస్తే వాహకత సెంటీమీటర్‌కి 6 మైక్రోసీమెన్స్. గాలి తగిలిన మంచి నీళ్లకి 1 దగ్గర ఉండాలి. అసలు సంగతేంటంటే క్యాన్‌ని కుళాయి నీళ్లతో తొలిచి అలాగే నింపేవారు. 0.1 నార్మల్ ఆమ్లం వాహకత 500 పైన ఉంటుంది, అందులో 6 కలిస్తే ఎవరికీ కనపడదు. 0.0002 దగ్గర ఆమ్లానిదే 20, దానికి 6 తోడైతే లెక్క తారుమారు. క్యాన్ మార్చాక స్థిరాంకం చెప్పినట్టు విన్నది.

మళ్లీ కథలోకి. ఆమ్‌స్టర్‌డామ్‌లో వాంట్ హాఫ్‌ది వేరే చిక్కు. నీటిని ఉప్పు ఎంత బలంగా పట్టుకుంటుందో కొలవడం ఎలా అని ఆలోచిస్తూ ల్యాబ్ నుంచి బయటికొస్తే, వృక్షశాస్త్రం ప్రొఫెసర్ హ్యూగో డి వ్రీస్ భార్యతో కలిసి ఎదురొచ్చాడు. ఆయన మొక్కల కణాల మీద ద్రవాభిసరణ (పలుచటి పొర గుండా నీళ్లు చిక్కటి ద్రావణం వైపు పోవడం) ప్రయోగాలు చేస్తున్నాడు. ఫెఫర్ అనే మరో వృక్షశాస్త్రవేత్త చక్కెర ద్రావణాల ద్రవాభిసరణ పీడనాన్ని కొలిచాడని ఆ నిలబడ్డ చోటే చెప్పాడు. ఒక శాతం చక్కెర ద్రావణానికి అది ఒక అట్మాస్ఫియర్‌లో ఇంచుమించు మూడింట రెండు వంతులు. ఉష్ణోగ్రత డిగ్రీ పెరిగితే పీడనం సుమారు 270వ వంతు పెరుగుతోంది. వాయువులకీ అదే లెక్క కదా! చక్కెర అణువులు నీళ్లలో వాయువు అణువుల్లా ప్రవర్తిస్తున్నాయి. వాంట్ హాఫ్‌కి సూత్రం దొరికింది.

చక్కెరకి దొరికింది. ఉప్పుకి కుదరలేదు. లవణాలు, ఆమ్లాలు, క్షారాలు ఉండాల్సిన దానికంటే ఎక్కువ పీడనం చూపిస్తున్నాయి. అందుకని ఆయన సూత్రంలో "ఐ" అనే గుణకం ఒకటి పెట్టాడు. ఇంటర్ పుస్తకంలో మనం బట్టీపట్టే వాంట్ హాఫ్ ఫ్యాక్టర్ ఇదే. ఐ ఎందుకుండాలో ఆయనకి తెలియదు, పెడితే లెక్క సరిపోతోంది. ఆ పేపర్లు అచ్చయింది స్వీడిష్ సైన్స్ అకాడమీ వాళ్ల సంచికలోనే.

అప్పటికి ఆర్హీనియస్ ట్రావెల్ స్కాలర్‌షిప్ మీద యూరప్ తిరుగుతున్నాడు. రీగాలో ఆస్ట్వాల్డ్ దగ్గర కొన్నాళ్లు, తర్వాత జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో కోల్‌రాష్ అనే భౌతిక శాస్త్రవేత్త దగ్గర. వాంట్ హాఫ్ పేపరు చదివాడు. 1887 మార్చి 30న ఆమ్‌స్టర్‌డామ్‌కి ఉత్తరం రాశాడు. సారాంశం ఇది: మీ ఐ తప్పు సర్దుబాటు కాదు. ఉప్పు నీళ్లలో విడిపోతోంది, ఒక అణువు రెండు ముక్కలైతే పీడనం రెట్టింపు దగ్గరికి పోదా మరి. ఎంత విడిపోయిందో నేను కరెంటు వాహకత నుంచి లెక్కకట్టగలను.

ఒకరి దగ్గర కారణం తెలియని అంకె, ఇంకొకరి దగ్గర అర్థం తేలని "క్రియాశీలత". అప్పటిదాకా విడివిడిగా ఉన్న రెండూ ఆ ఉత్తరంలో కలిశాయి. అయాన్ల సిద్ధాంతం పూర్తి రూపంలో బయటికొచ్చింది అప్పుడే. అందుకే నోబెల్ థీసిస్‌కి కాదంటున్నాను.

అదే ఏడు వచ్చిన పేపర్లో నాకు బాగా నచ్చేది సిద్ధాంతం కాదు, టేబుల్. తొంభై పదార్థాలు. ఒక్కోదానికీ ఐ విలువ రెండు దారుల్లో లెక్కకట్టాడు: ద్రావణం గడ్డకట్టే ఉష్ణోగ్రత నుంచి ఒకటి, వాహకత నుంచి ఒకటి. సాధారణ ఉప్పుకి 1.90, 1.82. హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి 1.98, 1.90. ఎసిటిక్ ఆమ్లానికి 1.03, 1.01. బాగానే కలిశాయి. కిందికి వస్తే మెగ్నీషియం సల్ఫేట్: 1.04, 1.40. అస్సలు కలవలేదు. అయినా తీసేయలేదు, అచ్చువేశాడు. మా గైడ్ గారి "పుస్తకం విలువలు వేసెయ్" నాకు ప్రతిసారీ ఇక్కడ గుర్తొస్తుంది. బలమైన విద్యుద్విశ్లేష్యాల (నీళ్లలో బాగా విడిపోయి కరెంటు మోసే ఉప్పులాంటి పదార్థాల) తిక్క ఏమిటో 1923లో డెబై, హ్యుకెల్ అనే శాస్త్రవేత్తలు వచ్చేదాకా సరిగ్గా తేలలేదు.

ఆ పేపరు అచ్చయిన పత్రిక కూడా వీళ్ల సొంతదే. ఆస్ట్వాల్డ్, వాంట్ హాఫ్ కలిసి 1887 ఫిబ్రవరిలో లైప్‌జిగ్ నుంచి ఫిజికల్ కెమిస్ట్రీకి ప్రత్యేకంగా జర్మన్ పత్రిక మొదలుపెట్టారు. ఆస్ట్వాల్డ్ కూడా ఆ ఏడే లైప్‌జిగ్ ప్రొఫెసర్ అయ్యాడు. నెర్న్‌స్ట్ అనే కుర్ర శాస్త్రవేత్తని అసిస్టెంట్‌గా తెచ్చుకున్నాడు. వీళ్లు రీగా, ఆమ్‌స్టర్‌డామ్, స్టాక్‌హోమ్, లైప్‌జిగ్ అంటూ ఒక్కో కాలంలో ఒక్కోచోట. కలిపి ఉంచింది పోస్టే. రసాయన శాస్త్రవేత్తల్లో ఇంగ్లండ్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్, రష్యాలో మెండలీవ్ ఈ అయాన్ల గొడవ ఒప్పుకోలేదు. విలియం రామ్సే మాత్రం వీళ్ల పక్షం. వాంట్ హాఫ్ పేపర్ని ఇంగ్లిష్‌లోకి మార్చిందీ ఆయనే.

ఇదంతా చదివి వీళ్లు దేవుళ్లనుకోకండి. ఆర్హీనియస్, నెర్న్‌స్ట్ మొదట్లో దోస్తులు, తర్వాత ఒకరి పేరెత్తితే ఒకరికి పడేది కాదు. వాంట్ హాఫ్‌కి 1901లో, ఆర్హీనియస్‌కి 1903లో, ఆస్ట్వాల్డ్‌కి 1909లో నోబెల్ వస్తే, నెర్న్‌స్ట్‌కి 1920 బహుమతి దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఆలస్యంలో ఆర్హీనియస్ చెయ్యి ఉంది. ఇంకో తమాషా: 1903లో ఆర్హీనియస్‌కి బహుమతి ఇచ్చినప్పుడు కెమిస్ట్రీ నోబెల్ కమిటీ అధ్యక్షుడెవరనుకున్నారు? వెళ్లిరమ్మన్న క్లీవ్ గారే.

ఇక మీ మూడో ప్రశ్న. రాస్తే జవాబిస్తారా? అందరూ ఇవ్వరు. ఆర్హీనియస్ కాపీలు పంపిన వాళ్లలో కూడా ఓడెక్కి వచ్చింది ఒక్కడే. నేను ఆ తర్వాత ఓ ఇరవై మందికి రాసి ఉంటాను, నలుగురైదుగురు జవాబిచ్చారు. నేను గమనించిందేంటంటే, "సార్, మీ దగ్గర పీహెచ్‌డీ చెయ్యాలని ఉంది, నా రెజ్యూమే చూడండి" అని రాసిన వాటికి ఒక్క జవాబూ రాలేదు. కుదరని టేబుల్ ఒకటి పెట్టి, ఫలానా వరసలో ఎందుకిలా వస్తోంది అని అడిగితే వచ్చాయి. అవతలివాళ్లు కూడా అదే ఆమ్లాలతో కుస్తీ పడుతున్న మనుషులైతే మరీనూ. రీగాలో పంటి నొప్పితో ఉన్న ఆస్ట్వాల్డ్‌కి కావాల్సింది కూడా అలాంటి టేబులే.

పంపే ముందు మాత్రం మీ డిస్టిల్డ్ వాటర్ రీడింగ్ ఒకసారి చూసుకోండి.