కాకికి తెలియదా, సార్?

ప్రశ్న: సార్, మాది హన్మకొండ. మా వాకిట్లో వేపచెట్టు మీద కాకి గూడు ఉంది. వారం నుంచి ఆ కాకి ఒళ్లంతా చుక్కలున్న పిల్లకు మెతుకులు తెచ్చి పెడుతోంది. కోయిల పిల్లేనని మా అత్తమ్మ అంటోంది. అంత తెలివైన కాకికి తన పిల్ల కాదని తెలియదా? నిన్న అది కింద పడితే మా బాబు అట్టపెట్టెలో పెట్టాడు. పెంచుకోవచ్చా?

జవాబు: ముందు దాన్ని పెట్టెలోంచి తీసి అదే చెట్టు కొమ్మ మీద కూర్చోబెట్టండి, మిగతాది తర్వాత చదవొచ్చు. మనిషి చెయ్యి తగిలితే కాకి మళ్లీ దగ్గరికి రానివ్వదనేది ఉత్త మాట. వచ్చి మీ నెత్తి మీదే పొడుస్తుంది, హెల్మెట్ పెట్టుకుని ఎక్కండి. ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా.

అత్తమ్మ మాట నిజమే. మగ కోయిల గూటి దగ్గరికొచ్చి కాకులను రెచ్చగొడుతుంది, అవి దాన్ని తరుముకుంటూ పోయిన సందులో ఆడది వచ్చి గుడ్డు పెట్టి పోతుంది. (ఉగాది నుంచి మనం వినే కుహూ కూడా మగదే, మనమేమో కోయిలమ్మ అంటాం!) ఆ గుడ్డు కాకి గుడ్డులాగే లేత ఆకుపచ్చ మీద గోధుమ మచ్చలతో ఉంటుంది, కాకపోతే కాస్త చిన్నది. పైగా కాకి పిల్లల కంటే రెండు మూడు రోజుల ముందే గుడ్డులోంచి బయటికొచ్చి, తిండి ముందుగా మింగేసేది కూడా అదే.

ఇక తెలివి సంగతి. కాకి కోయిలను చూస్తే ఊరుకోదు, చెట్టు చెట్టుకూ తరుముతుంది. అంటే శత్రువని తెలుసు. అయితే దాని అనుమానమంతా గూటి బయటే. లోపలి గుడ్లను అనుమానించి పారేస్తే అందులో తనదే పోవచ్చు కదా, ఆ పొరపాటు కంటే ఓ పరాయి పిల్లను మేపడం చవక. ఎర్రటి నోరు తెరిచి అరిచే పిల్ల ఎదురుగా ఉంటే ఏ పక్షైనా తిండి కుక్కాల్సిందే.

కోయిల పిల్ల కాకి పిల్లలను గూట్లోంచి తోసేస్తుందని చాలామంది అంటారు. అది యూరప్ కుకూ చేసే పని, మశూచి టీకా కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నరే 1788లో దాని గురించి రాశాడు. మన కోయిల పిల్ల మామూలుగా కాకి పిల్లల పక్కనే పెరుగుతుంది. గూట్లోకి తొంగి చూస్తే వాటిలో ఒకటో రెండో మీకూ కనిపించొచ్చు.

ఎగరడం వచ్చాక కూడా కోయిల పిల్ల రెండు మూడు వారాలు కాకి వెంటపడి అరుస్తూనే ఉంటుంది. అప్పటిదాకా మీ మధ్యాహ్నం నిద్ర సంగతి మర్చిపోండి.