బహుళ సంస్కృతుల మానసిక ఆరోగ్య రంగంలో కౌన్సెలర్ ఎడ్యుకేటర్ ఏం చేస్తారు?

అమెరికాలో కౌన్సెలర్ ఎడ్యుకేటర్ అంటే, కాబోయే కౌన్సెలర్లకు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, వారు సాయం కోరి వచ్చేవారితో జరిపే సంభాషణలను పర్యవేక్షించే అధ్యాపకులు. సాధారణంగా ఈ రంగంలోనే డాక్టరేట్ ఉండాలి. బహుళ సంస్కృతుల అంశాన్ని ఎంచుకున్నవారు 1971లో విలియం క్రాస్ నల్లజాతీయుల అస్తిత్వ వికాసంపై ప్రతిపాదించిన దశల నమూనానూ, 1992లో స్యూ, అరెడోండో, మెక్‌డేవిస్ రూపొందించిన, వేరే సంస్కృతులవారితో పనిచేసే కౌన్సెలర్‌కు ఉండాల్సిన సామర్థ్యాల పట్టికనూ క్షుణ్ణంగా చదవక తప్పదు. అసలు పని మాత్రం, నా దృష్టిలో, పర్యవేక్షణలోనే ఉంది: "నాన్నగారిని అడిగి చెబుతాను" అన్న యువతి గురించి విద్యార్థి తన నోట్సులో 'సొంతంగా నిర్ణయించుకోలేని మనిషి' అని రాసినప్పుడు, ఆ సంభాషణ రికార్డింగును అక్కడే ఆపి, అది ఆమె లోపమా, ఆమె పెరిగిన కుటుంబ పద్ధతా, లేక రాసినవారి విలువలు ఇచ్చిన తీర్పా అని అడగాలి. పరిశోధన పత్రాలు, పదోన్నతుల ఒత్తిడి మిగతా అధ్యాపకులకు ఉన్నట్టే వీరికీ ఉంటాయి.